మా అమ్మాయి వెన్నులో 16 స్క్రూలు

మా అమ్మాయికి స్కోలియోసిస్ (వెన్ను పక్కకి వంగిపోవడం) ఆపరేషన్ అయి ఏడాది దాటింది. వెన్నులో 16 స్క్రూలు, 2 రాడ్లు ఉన్నాయి. ఇదే సమస్య వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఎవరి ద్వారానో నంబరు కనుక్కుని అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. అందరూ ముందుగా అడిగేది ఒకటే: "ఏ కంపెనీ వేయించారు? ఫారినా, ఇండియనా?" నేను కూడా అక్కడే మొదలుపెట్టాను. నాది హైదరాబాద్ బాలానగర్‌లో మెషిన్ షాపు పని. చేతికి స్క్రూ వస్తే పిచ్ (మరల మధ్య దూరం) చూడకుండా పక్కన పెట్టలేను. కాబట్టి ఇందులో సామాను గురించి కాస్త ఎక్కువే ఉంటుంది. వైద్యం సంగతి మీ డాక్టర్‌నే అడగండి.

మొదట గుర్తుపట్టింది మా టైలరమ్మ. ఓణీల ఫంక్షన్‌కి జాకెట్టు కొలతలు తీసుకుంటూ, "కుడి భుజం ఎత్తుగా ఉందమ్మా, వెనక రెక్క ఎముక కూడా బయటికొచ్చింది, ఒకసారి చూపించండి" అని మా ఆవిడతో చెప్పింది. పిల్లకి నొప్పి లేదు, నడకలో తేడా లేదు. డాక్టర్ రెండు చేతులూ జోడించి ముందుకు వంగమన్నారు. వంగగానే వీపు కుడివైపు గట్టులా లేచింది. వెన్ను పక్కకి వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుందట. ఆ మెలి వల్లే పక్కటెముకలు వెనక్కి లేస్తాయి.

నిలబెట్టి మెడ నుంచి తుంటి దాకా ఒకే ఎక్స్‌రే తీశారు. దాని మీద గీతలు గీసి కోణం కొలుస్తారు. కాబ్ యాంగిల్ అంటారు. 10 డిగ్రీలు దాటితే స్కోలియోసిస్. ఎదిగే వయసులో 25 నుంచి 40 మధ్య ఉంటే బెల్టు (బ్రేస్) పెడతారు, అది కూడా వంపు పెరగకుండా ఆపడానికే. 50 దాటితే ఎదుగుదల ఆగాక కూడా ఏటా కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది, బాగా పెరిగితే ఊపిరితిత్తులకి చోటు తగ్గుతుంది. మా అమ్మాయిది 56. బెల్టు దశ దాటిపోయింది.

ఇంట్లో వాళ్లకి ఇది చెప్పాక మొదలైంది అసలు గోల. స్కూల్ బ్యాగు బరువు వల్లనేనని ఒకరు, మంచం మీద పడుకుని ఫోన్ చూసినందుకేనని ఇంకొకరు. పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతుంది కదా అని మా పెదనాన్న. విరిగిన ఎముకకి కట్టే కట్టుకీ, పదేళ్లు దాటాక తనంతట తానే మెలి తిరిగిన వెన్నుకీ సంబంధం లేదని ఆయనకి చెప్పడం నాకు చేతకాలేదు. డాక్టర్ మాత్రం బ్యాగు వల్ల, కూర్చునే తీరు వల్ల ఇది రాదని, ఈ వయసులో వచ్చే ఈ రకానికి కారణం ఫలానా అని చెప్పలేమని మొదటి రోజే తేల్చేశారు. ఆ మాట మా ఆవిడకి చాలా అవసరమైంది. అప్పటిదాకా అందరి వేళ్లూ ఆమె వైపే చూపిస్తున్నాయి.

ఇద్దరు సర్జన్లకి చూపించాం. ఇద్దరూ ఆపరేషన్ అనే అన్నారు. తేడా వచ్చింది ఎక్కడ ఆపాలన్న దగ్గర. ఒకరు ఛాతీ వెనక నాలుగో పూస నుంచి నడుములో మూడో పూస దాకా, అంటే టీ4 నుంచి ఎల్3 దాకా అన్నారు. రెండో ఆయన ఎల్1 దగ్గర ఆపొచ్చన్నారు. రెండు పూసల తేడాకి ఇంత చర్చ ఎందుకని అడిగాను. స్క్రూలు పడిన పూసలన్నీ చివరికి ఒకే ఎముకగా కలిసిపోతాయి. ఛాతీ భాగంలో కలిసిపోతే పెద్దగా తెలియదు, అక్కడ ఎలాగూ కదలిక తక్కువ. నడుములో మాత్రం మనం వంగేదీ తిరిగేదీ ఆ కొన్ని పూసల మీదే. ఒక్కొక్కటి పోయే కొద్దీ కదలిక తగ్గుతుంది, కింద మిగిలిన డిస్కుల మీద భారం పెరుగుతుంది. మా అమ్మాయిని పడుకోబెట్టి కుడికీ ఎడమకీ వంచి మళ్లీ ఎక్స్‌రేలు తీయించారు. పక్కకి వంగినప్పుడు నడుములోని చిన్న వంపు దానంతట అదే దాదాపు తిన్నగా అయిపోయింది. పైన ఉన్న పెద్ద వంపుని సరిచేస్తే కిందది సర్దుకుంటుందని రెండో డాక్టర్ లెక్క. ఫిల్ములు లైట్ బాక్సు మీద పక్కపక్కన పెట్టి అదంతా అమ్మాయికే వివరించారు, మాకు కాదు. ఆయన దగ్గరే చేయించాం.

నన్నడిగితే కంపెనీ పేరు కంటే ముందు ఈ ప్రశ్న అడగాలి. ఎక్కడ మొదలుపెడతారు, ఎక్కడ ఆపుతారు, ఎందుకు?

ఇక సామాను సంగతి. నేను పదే పదే లోహం గురించి అడుగుతుంటే, "మీరేం పని చేస్తారు?" అని డాక్టర్ గారే అడిగారు. చెప్పాను. నవ్వి, డ్రాయర్లోంచి ప్లాస్టిక్ వెన్నుపూసల బొమ్మ, ఒక డెమో స్క్రూ తీసి చేతిలో పెట్టారు. టైటానియం అల్లాయ్, అల్యూమినియం 6 శాతం, వనేడియం 4 శాతం ఉండే గ్రేడు. విమాన భాగాల జాబ్‌ల పుణ్యమా అని నాకు ఈ సరుకు తెలుసు. వేడిని వదలదు, టూల్‌ని తినేస్తుంది, స్పీడు పెంచితే ఇన్సర్టు (టూల్‌కి పెట్టే కోత ముక్క) అంచు పోతుంది. మన కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ కంపెనీ మిధానిలో తయారయ్యే టైటానియంలో కొంత ఇంప్లాంట్లకీ వెళ్తుందని మా షాపులో అందరికీ తెలుసు. కానీ అది ఎక్కడ, ఎలా కూర్చుంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

స్క్రూ తల దానికది అటూ ఇటూ ఊగుతోంది. వదులైందేమో అనుకుంటారు చూసినవాళ్లు, కాదు, కావాలనే అలా చేస్తారు. పూసలన్నీ ఒకే వరసలో ఉండవు కదా, తల కాస్త తిరిగితేనే రాడ్డు అన్నిట్లోనూ కూర్చుంటుంది. తల మధ్యలో యు ఆకారంలో గాడి, అందులో రాడ్డు, పైనుంచి బిగించడానికి చిన్న సెట్ స్క్రూ. మా దగ్గర దాన్ని గ్రబ్ స్క్రూ అంటాం. సైజుని బట్టి స్క్రూలకి నీలం, బంగారు, ఊదా రంగులు ఉన్నాయి. పెయింటు కాదది. కరెంటు పెట్టి పైన ఆక్సైడ్ పొర మందం మారిస్తే వెలుగు పడే తీరులో రంగు మారుతుంది. ఆపరేషన్‌లో సిస్టర్ ఒక్క చూపులో సైజు గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది.

స్క్రూ దిగే చోటు చూపించినప్పుడు మాత్రం నా హుషారు తగ్గింది. పూస వెనక భాగాన్ని ముందు దిమ్మతో కలిపే సన్నటి ఎముక ఉంటుంది, దాని పేరు పెడికిల్. ఛాతీ పై భాగంలో, వంపు లోపలి వైపు అది నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండకపోవచ్చు. దానికి లోపలి పక్కనే వెన్నుపాము. దాని మధ్యలోంచి స్క్రూ పోవాలి. ముందు మొద్దు మొనతో ఉన్న ప్రోబ్‌ని చేత్తో మెల్లగా తోస్తారు. లోపల మెత్తటి ఎముక, చుట్టూ గట్టి గోడ కాబట్టి దారి చేతికి తెలుస్తుందట. తర్వాత చివర చిన్న గుండు ఉన్న సన్నని కడ్డీతో నాలుగు గోడలూ, అడుగూ తడిమి చూస్తారు. ఎక్కడా బెజ్జం లేదని తేలాకే ట్యాప్‌తో మర కోయడం, ఆ తర్వాత స్క్రూ. మధ్యమధ్యలో టేబుల్ దగ్గరే సీ-ఆర్మ్ మిషన్‌తో ఎక్స్‌రే. కొన్నిచోట్ల కంప్యూటర్‌లో దారి చూపే నావిగేషన్, రోబో కూడా వాడుతున్నారు. మా డాక్టర్ గారు ముందే సీటీ తీయించి ప్రతి పెడికిల్‌నీ కొలిచి పెట్టుకున్నారు. మరీ సన్నగా ఉన్నవాటిని వదిలేశారు. 10 పూసలకి 20 పట్టాల్సింది 16 పడటం అందుకే.

రాడ్ల దగ్గర ఇంకో సంగతి. స్క్రూలు టైటానియమే గానీ రాడ్లు కోబాల్ట్ క్రోమ్ వేస్తామన్నారు. టైటానియం రాడ్డు వంచితే కాస్త వెనక్కి వస్తుంది, వంకర వెన్ను దాన్నే తన దారికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. కోబాల్ట్ క్రోమ్ గట్టిగా నిలబడుతుంది. రెండింటికీ ఎంఆర్ఐ ఇబ్బంది లేదు, కాకపోతే కోబాల్ట్ క్రోమ్ ఉన్నచోట బొమ్మలో నీడ ఎక్కువ పడుతుంది. రాడ్డు వంపు ముందే తయారై రాదు. ఆపరేషన్ టేబుల్ పక్కనే బెండర్‌తో ఆ పిల్ల వెన్నుకి తగ్గట్టు వంచుతారు.

ఇంతా విని, "మరి ఇవి ఎన్నేళ్లు పట్టి ఉంచుతాయి సార్?" అన్నాను. "ఏడాది పట్టి ఉంచితే చాలు" అన్నారు. నాకు అర్థం కాలేదు. పూసల మధ్య చిన్న కీళ్లు తీసేసి, ఎముక పైపొర గీకి, ఆ ముక్కల్నే మళ్లీ పరుస్తారట. అవి కలిసి ఒకే ఎముకగా మారాలి. స్క్రూలూ రాడ్లూ వెల్డింగ్ అయ్యేదాకా జాబ్‌ని పట్టి ఉంచే ఫిక్చర్ లాంటివి. ఎముక కలవకపోతే ఎంత మంచి రాడ్డయినా వేల సార్లు వంగి వంగి ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. లోహం అలసట గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కంపెనీ పేరు మీద నా పట్టుదల ఆ రోజుతో సగం పోయింది.

పాతకాలంలో ఎలా చేసేవారో కూడా ఆయనే చెప్పారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే సర్జన్ పోలియోతో వెన్ను వంగిన పిల్లల కోసం 1950ల్లో ఒక రాడ్డు తయారుచేశాడు. పైనొక కొక్కెం, కిందొక కొక్కెం, జాకీలాగా పళ్లున్న రాడ్డు. 1962లో దాని ఫలితాలు ప్రచురించాడు. వెన్ను సాగేది గానీ మెలి పోయేది కాదు, వీపు పలకలా అయిపోయేది, నెలల తరబడి పిండికట్టు. 1980ల్లో ఫ్రాన్స్‌లో కాట్రెల్, డ్యూబుసే రెండు రాడ్లు, ఎన్నో కొక్కేలు పెట్టి మెలిని కూడా తిప్పారు. ఛాతీ పూసల్లో కూడా వరసగా పెడికిల్ స్క్రూలు వేసి స్కోలియోసిస్ సరిచేయొచ్చని 1995లో దక్షిణ కొరియా సర్జన్ సె-ఇల్ సుక్ చూపించారు. ఇప్పుడు పిండికట్టు లేదు.

డబ్బు విషయం. కొటేషన్లో ఇంప్లాంట్ల వాటా మొత్తం బిల్లులో సగానికి దగ్గరగా ఉంది. బయటి దేశపు సెట్టుకీ, ఇక్కడి సెట్టుకీ రెండు రెట్లకు పైగా తేడా. గుండె స్టెంట్లకి, మోకాలి ఇంప్లాంట్లకి 2017లో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. వెన్ను స్క్రూలకి అలాంటిది లేదు, ఉన్న ఎమ్మార్పీని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచకూడదన్న నియమం ఒక్కటే. అందుకే బేరం ఆడాలి. సిగ్గుపడకండి. ఒక్కో స్క్రూ ధర, రాడ్డు ధర, సెట్ స్క్రూ ధర విడిగా రాసిమ్మని అడిగితే ఇచ్చారు, కాస్త తగ్గించారు కూడా. చివరికి డాక్టర్ గారు ఎప్పుడూ వాడే సెట్టే తీసుకున్నాం. "నా చేతికి అలవాటైన డ్రైవర్లు, బెండర్లు దీనికున్నాయి" అన్నారు. అలవాటు లేని టూలింగ్‌తో ఖరీదైన జాబ్ మొదలుపెట్టమంటే నేనూ ఒప్పుకోను.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి ఒక మాట. మీ పాలసీ పరిమితికి మించిన గది తీసుకుంటే డాక్టర్ ఫీజు లాంటివి ఆ నిష్పత్తిలో కోస్తారు. కానీ ఇంప్లాంట్ల ఖర్చునీ, మందుల ఖర్చునీ అలా కోయకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఇచ్చింది. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చునేవాళ్లందరికీ ఇది గుర్తుండదు. ప్రతి ఇంప్లాంట్ లేబులు, లాట్ నంబరుతో సహా, కేసు షీటులో అంటిస్తారు. దాని కాపీ, ఇంప్లాంట్ ఇన్వాయిస్ డిశ్చార్జి రోజే తీసుకోండి. క్లెయిముకి అవి అడుగుతారు, తర్వాత తిరగడం నరకం.

ఆపరేషన్ ముందు రోజు మత్తు డాక్టరమ్మ వచ్చి అమ్మాయితో మాట్లాడారు. వెన్ను తిప్పేటప్పుడు వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుందేమో కనిపెట్టడానికి తలకీ కాళ్లకీ సన్నని సూదులు పెట్టి సిగ్నల్ చూస్తూ ఉంటారు. ఆ సిగ్నల్ చెడకుండా ఉండాలని మత్తు కూడా గ్యాసుతో కాకుండా నరంలోంచే ఇస్తారు. సిగ్నల్ పడిపోయి తిరిగి రాకపోతే మధ్యలో లేపి, కాళ్లు కదపమని అడుగుతారు. మిషన్లు రాకముందు అందరికీ అలాగే చేసేవారట. "నీకు నొప్పి తెలియదు, గుర్తు కూడా ఉండదు. నేను పేరు పెట్టి పిలిస్తే కాలి వేళ్లు కదిపితే చాలు" అని రిహార్సల్ చేయించారు. మా అమ్మాయి చాలా సీరియస్‌గా, "ఇంగ్లీషులో అడుగుతారా మేడం, తెలుగులోనా?" అంది. ఆవిడ తెలుగులోనే అని మాటిచ్చారు. పక్షవాతం భయం గురించి డాక్టర్ గారు దాచలేదు. నరాల ఇబ్బంది వందలో ఒకరికంటే తక్కువ మందికి వస్తుందని, సున్నా అని మాత్రం చెప్పలేనని అన్నారు. సంతకం పెట్టేటప్పుడు ఆ ఒక్కరే కనిపిస్తారు ఎవరికైనా.

పొద్దున్నే లోపలికి తీసుకెళ్లారు. మా షాపు కుర్రాళ్లు రక్తం ఇచ్చి, టిఫిన్ చేసి, నాతోనే కూర్చున్నారు. కారిన రక్తాన్నే కడిగి తిరిగి ఎక్కించే మిషన్ ఉంది కాబట్టి బయటి రక్తం ఒక్క బాటిల్‌తో సరిపోయింది. ఆ గంటల గురించి రాయడానికేమీ లేదు, టెన్షన్ తప్ప. సాయంత్రం డాక్టర్ గారు బయటికొచ్చి ముందు చెప్పిన మాట, "కాళ్లు రెండూ కదుపుతోంది." తర్వాత చెప్పారు, రాడ్డు తిప్పుతున్నప్పుడు ఒకసారి ఎడమ కాలి సిగ్నల్ తగ్గిందట. అక్కడే ఆగి, లాగుడు కాస్త వదిలి, బీపీ పెంచి చూస్తే తిరిగొచ్చింది. ఆ తర్వాత మిగతా సవరణ నిదానంగా చేసి, టార్క్ డ్రైవర్‌తో (లెక్క ప్రకారం బిగించే టూల్) సెట్ స్క్రూలన్నీ చివరి బిగింపు బిగించారు. ఇంకొంచెం తిన్నగా చేయొచ్చు గానీ అవసరం లేదనిపించి ఆపేశానన్నారు. ఆ మాట విన్నాక ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. ఎక్కడ ఆపాలో తెలిసిన పనివాడు దొరకడం కష్టం.

మొదటి రెండు మూడు రోజులు పిల్ల చాలా బాధపడింది. నొప్పి పంపు చేతికే ఇస్తారు, బటన్ నొక్కితే మందు వెళ్తుంది, హద్దు దాటనివ్వదు. పక్కకి తిప్పాలంటే ఒళ్లంతా ఒకేసారి దుంగలా దొర్లించాలి. నొప్పి మందుల వల్ల మలబద్ధకం వస్తుంది. దాని గురించి ఎవరూ ముందు చెప్పరు, కుట్ల కంటే అదే ఎక్కువ ఏడిపించింది. మర్నాడే కూర్చోబెట్టారు, ఆ తర్వాత నడిపించారు. నిలబెట్టగానే వాళ్లమ్మ పక్కన కొలుచుకుని, "అమ్మా, నిన్ను దాటేశా" అంది. రెండు సెంటీమీటర్లకు పైగానే పెరిగింది.

ఇంటికొచ్చాక పనికొచ్చినవి: వెస్టర్న్ కమోడ్, కాస్త ఎత్తైన మంచం, కింద పడ్డవి తీసుకోవడానికి పొడవాటి పట్టకారు. మొదట్లో వంగడం, మెలి తిరగడం, బరువెత్తడం ఏవీ కుదరవు. నెలన్నర తర్వాత స్కూలుకి వెళ్లింది, పుస్తకాలు రెండో సెట్ కొని క్లాసులోనే ఉంచాం. గుళ్లో సాష్టాంగం బదులు మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టుకోమన్నాం. పూజారి గారే నయం, మాకంటే ముందు అర్థం చేసుకున్నారు. కుట్ల పక్కన చర్మం కొంతమేర ఇప్పటికీ మొద్దుబారినట్టే ఉంటుందని చెబుతుంది. బాలానగర్ మెట్రో గేటులో ఇప్పటిదాకా బీప్ కొట్టలేదు. అయినా ఇంప్లాంట్ కార్డు ఫోటో తన ఫోన్లో పెట్టుకుంది.

చుట్టాల ప్రశ్నలు మాత్రం మారాయి. ఇప్పుడు "పెళ్లి ఎలా, పిల్లలు ఎలా" అని. తొమ్మిదో క్లాసు పిల్లకి! అయినా మా ఆవిడ డాక్టర్ గారిని అడిగింది. కాన్పుకి ఇబ్బంది ఉండదని, నడుము కింది భాగం ఖాళీగానే ఉంది కాబట్టి అవసరమైతే అక్కడ సూది మత్తు కూడా ఇవ్వగలరని చెప్పారు.

ఏడాది ఎక్స్‌రేలో పెద్ద వంపు 18 డిగ్రీలకి వచ్చింది, నడుములో చిన్న వంపు ఆయన చెప్పినట్టే సర్దుకుంది. ఎముక కలిసిన తెల్లటి పట్టీ స్క్రూల పక్కన కనిపిస్తోంది. ఇక రాడ్లు తీయించాలా అని అడిగితే, ఇన్ఫెక్షన్ లాంటిదేమైనా వస్తే తప్ప అవసరం లేదన్నారు. వాలీబాల్ ఆడొచ్చట, కబడ్డీ మాత్రం వద్దన్నారు. కబడ్డీ తనకి ఎలాగూ ఇష్టం లేదు. తర్వాతి ఎక్స్‌రే వచ్చే ఏడాది.